చూసినోన్ని నిలవెట్టున్రి

జలంధర్ ఆ తోటకు వచ్చిన కొత్తల్లో తిరుమల్ అతనితో రెండు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు. అంతకుముందు తనతో ఉన్న నేపాలీ సెలవు మీద ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. ఖతార్‌లో, ఉమ్ సలాల్ దగ్గర ఖర్జూరపు చెట్ల మధ్య రేకుల గది, మేకల కొట్టం, నీళ్ళ ట్యాంకు, యజమాని వస్తే కూర్చునే మజ్లిస్. ఇంత పెద్ద తోటలో మనుషులు ఇద్దరే. ఆ రెండో మనిషి ఎట్లాంటివాడోనని తిరుమల్‌కు గుబులుగా ఉండేది. తీరా చూస్తే వచ్చినవాడు యాభై దాటినవాడు. జుట్టు నెరిసి ఉంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"ఈ వయసుల ఎవలన్న గల్ఫ్‌కు వస్తరా అన్నా?" అని అడిగాడు తిరుమల్.

"బోరు ఎండింది తమ్మీ," అన్నాడు జలంధర్.

పది రోజులు గడిచేసరికి మాత్రం తిరుమల్‌కు అతనంటే ప్రాణం అయింది. జలంధర్ బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగుకు ఒత్తి సర్వపిండి కాల్చేవాడు. ఆ వాసనకు తిరుమల్ సిరిసిల్ల దిక్కునున్న తన ఊరికి పోయి వచ్చినంత పనయ్యేది. కడుపులో పిల్ల అడ్డం తిరిగి మేక ఈనలేకపోతుంటే జలంధర్ మోచేతి దాకా నూనె రాసుకుని పిల్లను బయటికి లాగాడు. తిరుమల్ జ్వరంతో పడుకున్నప్పుడు తడిగుడ్డ వేస్తూ, గంజి తాగిస్తూ పక్కనే కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్న తిరుమల్ మనసులో అదివరకు ఎవరూ ముట్టుకోని చోటొకటి ఉంది. జలంధర్ చెయ్యి అక్కడ పడింది.

అంత దగ్గరయిన మనిషి కాబట్టే తర్వాత జరిగింది అంత చేదుగా జరిగింది.

మేకలకు గడ్డి తెచ్చే లారీ బుర్హానుద్దీన్‌ది. మెట్‌పల్లివాడు. నోట్లోంచి దక్కనీ, తెలుగు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. జలంధర్ వచ్చాక అతను తోటకు రావడం అదే మొదలు. లారీ దిగుతూనే జలంధర్‌ను చూసి ఆగిపోయాడు. రెండు చేతులు ఎత్తి దండం పెట్టబోయాడు. జలంధర్ కళ్ళతోనే వద్దని చెప్పి మేకల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. గడ్డి మోపులు దించడం అయ్యాక, గేటు దగ్గర బుర్హానుద్దీన్ తిరుమల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆయన ఎవరో తెలుసునా నీకు?"

"జలంధరన్న."

"జలంధరన్న కాదురా భాయ్, ఉదయన్న. దళం కమాండర్! నాకు మెట్‌పల్లిల టైలర్ దుకాణం ఉండె గదా, ఆళ్ళ బట్టలు నేనే కుట్టేది. పోలీసోళ్ళు నన్ను పట్కపోయి ఉల్టా వేలాడదీసిండ్రు. అయినా పేరు చెప్పలె. క్యా ఆద్మీ థా! ఆయన పేరు చెప్తె దొరలు ఇండ్లల్లకెల్లి బయటికి రాకపోయేది."

బుర్హానుద్దీన్ మురిసిపోతూ చెబుతున్నాడు. తిరుమల్ చెవుల్లో మాత్రం ఒక్క మాటే మిగిలింది. ఉదయన్న.

తిరుమల్ తండ్రి రాజలింగు మల్లుపల్లె బస్ స్టేజి దగ్గర చాయ్ హోటల్ నడిపేవాడు. బస్సు దిగినవాళ్ళు తాగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు తాగేవాళ్ళు, జీపు ఆపుకుని పోలీసులూ తాగేవాళ్ళు. ఆ ఎండాకాలం గుట్ట దగ్గర ఎన్‌కౌంటర్ జరిగి దళంలో ముగ్గురు చచ్చిపోయారు. జాడ ఎవరు చెప్పారన్న మాట పుట్టగానే వేలు చాయ్ హోటల్ వైపు తిరిగింది. పొద్దుగూకే వేళ దళం ఊళ్ళోకి వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టారు. తల్లి బాలవ్వ కొంగు చాటున ఉన్న తిరుమల్‌కు ఎవరి మొహమూ సరిగ్గా కనపడలేదు. రుమాళ్ళు, తుపాకులు, 'ఉదయన్న వచ్చిండు' అన్న గుసగుస. అంతే గుర్తు.

ఏం శిక్ష వేయాలో చెప్పమని జనాన్ని అడిగారు. ఎవరూ నోరెత్తలేదు. తండ్రి మాత్రం అరిచాడు. "నేను చెప్పంగ ఎవలు జూసిండ్రు? చూసినోన్ని నిలవెట్టున్రి!" అన్నాడు. ఎవరినీ నిలబెట్టలేదు. అతన్ని ఊరి బయటికి తీసుకుపోయారు. తుపాకీ మోత ఊళ్ళోకి వినబడింది.

చావు ఒక్కరోజులో అయిపోయింది. పేరే పోలేదు. బీడీలు చుట్టేచోట ఆడవాళ్ళు బాలవ్వ పక్కన కూర్చోవడం మానేశారు. ఆమె చాట పట్టుకుని గోడవైపు తిరిగి ఒక్కతే చుట్టుకునేది. సర్కారు నష్టపరిహారం ఇస్తే, తినడానికి లేక తీసుకుంది. దాంతో ఊరికి ఇంకో రుజువు దొరికినట్టయింది: 'ఉత్తగనే ఇస్తరా?' బడిలో తిరుమల్ పేరు ఇన్ఫార్మర్. పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు సగం దారిలోనే ఆ మాట విని వెనక్కి మళ్ళేవాళ్ళు. బాలవ్వ రోజూ పొద్దున పొయ్యి ముట్టిస్తూ ఉదయన్న అన్న పేరును శపించేది. ఆ శాపనార్థాలు వింటూ తిరుమల్ పెద్దవాడయ్యాడు.

ఇప్పుడు ఆ ఉదయన్న తన గదిలో, తన మంచానికి ఎదురు మంచం మీద, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు.

తిరుమల్ అతన్ని ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే తన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. జలంధర్ వండింది తినకపోతే ఎందుకు తినలేదని అడుగుతాడు కాబట్టి తినేవాడు. తిని పైపు దగ్గరికి పోయి నోరు పుక్కిలించేవాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఫోన్లో తల్లి, "మొఖం గుంజకపోయిందేందిరా, తింటలేవా?" అంటే, "ఎండలవ్వా, దోహల ఎండలు" అని తప్పించుకునేవాడు.

"ఏమైంది తమ్మీ, నా మీద ఏమన్న కోపమా?" అని జలంధర్ ఒకసారి అడిగాడు.

"ఏం లేదన్నా."

ఆగస్టు వచ్చింది. తోట యజమాని అబూ నాసర్‌ను ఇద్దరూ బాబా అనేవాళ్ళు. ఆయనకు కొడుకుల తర్వాత అంతగా ఇష్టమైంది ఆడ డేగ ఒకటి. ఎండాకాలం అది పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. అప్పుడు దాన్ని చల్లటి గదిలో, ఏసీ ఆగకుండా ఉంచాలి. మజ్లిస్ వెనక చిన్న గది దానిదే. పొద్దున్న జలంధర్, మధ్యాహ్నం తిరుమల్ వంతులేసుకుని దాన్ని చూసుకునేవాళ్ళు.

"ఏసీ బ్రేకర్ ఊకె పడిపోతుంది తమ్మీ. మధ్యాహ్నం నీ డ్యూటీల ఒకటికి రెండుసార్లు పోయి చూడు," అని జలంధర్ హెచ్చరించాడు. బాబాకు కూడా చెప్పాడు. మనిషిని పంపుతానని బాబా అన్నాడు. మనిషి రాలేదు.

ఆ శుక్రవారం రాత్రంతా కళ్ళు మూయని తిరుమల్ మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు. లేచేసరికి పొద్దు వాలుతోంది. పరుగెత్తి డేగ గది తలుపు తీస్తే ముఖం మీద వేడి కొట్టింది. బ్రేకర్ పడిపోయి ఉంది. డేగ కింద ఇసుకలో పక్కకు వాలి, రెక్కలు పరిచి, ముక్కు తెరిచి ఉంది. నీళ్ళు చల్లాడు. చేతుల్లోకి తీసుకున్నాడు. దాని మెడ వేలాడిపోయింది.

బాబా కారు అప్పుడే గేటు దాటి లోపలికి వచ్చింది.

మజ్లిస్‌లో కార్పెట్ మీద డేగను పెట్టుకుని బాబా కూర్చున్నాడు. తలమీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి తిరుమల్‌కు మరింత భయం పట్టుకుంది. పోలీసులు, జైలు, ఊళ్ళో అప్పుడే కట్టడం మొదలుపెట్టిన ఇల్లు, తల్లి. అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి.

"మధ్యాహ్నం డ్యూటీ ఎవరిది?" అని బాబా అరబ్బీ, హిందీ కలిపి అడిగాడు.

తిరుమల్ వేలు లేచింది. తనే ఎత్తాడో, భయం ఎత్తిందో, ముప్పై ఏళ్ళ నాటి పగ ఎత్తిందో అతనికే తెలియదు. వేలు జలంధర్ వైపు తిరిగింది.

"ఈయనది. పండుకున్నడు. నేను చూసిన."

జలంధర్ ముందు అర్థం కానట్టు చూశాడు. "తిరుమల్! ఏమంటున్నవ్ రా?" అన్నాడు. బాబా వైపు తిరిగి, "పొద్దున్న నాది బాబా. మధ్యాహ్నం వీనిది. బ్రేకర్ సంగతి నేనే చెప్పిన గదా మీకు!" అని హిందీలో మొదలుపెట్టి, మాటలు అందక తెలుగులోకి జారిపోయాడు. "నేను పండుకున్నది ఎవలు జూసిండ్రు? ఇంకెవలన్న జూసిండ్రా? అడుగున్రి!"

ఆ మాట విని తిరుమల్ ఒళ్ళు జలదరించింది. లోపల ఎక్కడో తియ్యగా కూడా అనిపించింది. ఇప్పుడు తెలుస్తోందా నీకు, అనుకున్నాడు.

బాబా చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "ఖలాస్," అని జలంధర్‌ను చూపించి, "ఇతను ఇంటికి," అన్నాడు.

వీసా రద్దు కాగితాల పని తొందరగానే అయిపోయింది. పోలీసు కేసు పెట్టలేదు, అంతే దయ. ఆ కొద్దిరోజులూ జలంధర్ గది బయట, మేకల కొట్టం పక్కన పడుకున్నాడు. వంట ఎవరిది వాళ్ళు చేసుకున్నారు. ఎయిర్‌పోర్టులో దింపి రమ్మని బాబా తిరుమల్‌నే పంపాడు.

పికప్ తిరుమలే నడిపాడు. ఎయిర్‌పోర్టు బోర్డులు కనపడ్డాక తిరుమల్ ఇక ఆగలేకపోయాడు. ఎందుకు పోతున్నాడో తెలియకుండా ఇతను విమానం ఎక్కితే తన పగ తీరినట్టు ఎట్లా అవుతుంది?

"మల్లుపల్లె యాదికున్నదా ఉదయన్నా?"

జలంధర్ తల తిప్పి చూశాడు.

"బస్ స్టేజి కాడ చాయ్ హోటల్. రాజలింగు. నేను ఆయన కొడుకును."

జలంధర్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "అదా," అన్నాడు. "అందుకా."

"యాదికున్నదన్నమాట."

"చూస్తె గదా యాదికుండేది. విన్న అంతే. మీ బాపు మీద పంచాయతి జేసిన ఉదయన్న నేను గాదు తమ్మీ. ఆయన నాకంటె ముందటోడు. ఆ తర్వాత రెండేండ్లకు ఎన్‌కౌంటర్ల పోయిండు. సచ్చిపోయినోని పేరు బతికుండాలని ఆ దళానికి కొత్తగ వచ్చినోనికి పెట్టేది. ఆయన పేరు నాకొచ్చింది. మీ ఊర్ల అది జరిగినప్పుడు నేను నిజామాబాద్ దిక్కు ఉంటి."

"అబద్ధం."

"అబద్ధమంటె నేనేం జెయ్యాలె? నా తాన సాక్షి లేడు."

తిరుమల్ బండిని పక్కకు తీసి ఆపాడు.

"అంటె నువ్వు మంచోనివా ఇప్పుడు?"

"అట్లన్ననా నేను?" జలంధర్ గొంతు మొదటిసారి పెరిగింది. "నేను గూడ ఇద్దరికి శిక్ష ఏసిన. ఒకడు నిజంగనే పోలీసోళ్ళ మనిషి. ఇంకొకని సంగతి ఇప్పటికీ తెల్వది నాకు. వాని పెండ్లాం నా కాళ్ళు పట్టుకున్నది. మల్లుపల్లెల ఆ దినం నేనే ఉంటె నేను గూడ గదే జేస్తుంటినేమొ. గాని నేను లేను."

తర్వాత మెల్లగా అన్నాడు. "మీ బాపు గాదట. తర్వాత తెలిసింది. జాడ చెప్పినోడు వేరే. పార్టీల మాట్లాడుకున్నరు. ఊరికి పోయి తప్పయిందని చెప్దమని కొందరన్నరు. చెప్తె జనంల ఇజ్జత్ పోతదని ఊకున్నరు. నేను గూడ ఊకున్నోళ్ళలోనే ఉంటి."

ఈ ఒక్క మాట కోసమే బాలవ్వ గోడవైపు తిరిగి ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఈ మాట చెప్పగల మనిషి ఇప్పుడు తన పక్క సీట్లో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను బోరు ఎండి రాలే ఈడికి," అన్నాడు జలంధర్. "సరెండర్ అయినంక గూడ ఎలక్షన్లొస్తె ఠానకు పిలుస్తరు. ఎక్కడన్న ఏదన్న అయితె పిలుస్తరు. బిడ్డ ముంగట జీపెక్కుడు నాతోని కాలేదు. కేసులన్ని కొట్టేసినంక పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. ఈడనన్న పేరు లేకుంట బతుకుదమనుకున్న."

"అన్నా..."

"ఆ దినం నువ్వు నా దిక్కు వేలు జూపెట్టినప్పుడు భయపడ్డవనుకున్న. చిన్నోడు, భయపడ్డడు, పోనీ అనుకున్న. భయమైతె మాఫ్ జేస్తుంటి. ఇగ నడువు, టైమైతుంది."

ఎయిర్‌పోర్టు దగ్గర సంచి తనే దింపుకున్నాడు. కాలు ఈడ్చుకుంటూ జనంలో కలిసిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

తిరుమల్ తోటకు పోకుండా సరాసరి బుర్హానుద్దీన్ గదికి పోయాడు. అతను లుంగీతో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"బుర్హాన్ భాయ్, ఉదయన్నలు ఇద్దరా?"

"హా, ఇద్దరే. పెద్ద ఉదయన్న, చిన్న ఉదయన్న. పెద్దాయన బట్టలు మా నాయన కుట్టిండు. నేను కుట్టింది ఈయనకు. క్యోం?"

"అప్పుడు నాకు చెప్పలేదేంది?"

"నువ్వడుగలె గదా భాయ్," అన్నాడు బుర్హానుద్దీన్ అమాయకంగా, కత్తి పక్కన పెట్టి. "ఏమైంది? ముఖమేంది అట్లున్నది?"

తిరుమల్ బయటికి వచ్చేశాడు.

తర్వాతి శుక్రవారం బాబా వచ్చేసరికి తిరుమల్ మజ్లిస్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జైలైనా సరే, చెప్పేయాలని తనను తాను కూడగట్టుకున్నాడు. చెప్పాడు. మధ్యాహ్నం డ్యూటీ తనదేనని, పడుకున్నది తనేనని, జలంధర్ తప్పేమీ లేదని వచ్చీరాని హిందీలో, అరబ్బీలో చెప్పాడు.

బాబా ఖర్జూరం నములుతూ విన్నాడు. గింజ తీసి పళ్ళెంలో పెట్టాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

బాబా ఇంకో ఖర్జూరం తీసుకున్నాడు.

"బ్రేకర్ గురించి చెప్పింది అతనే. పొద్దున్నే లేచేది అతనే. మధ్యాహ్నం డ్యూటీ అతనిది ఎట్లా అవుతుంది? కానీ నా డేగ చచ్చిపోయింది. నా కొడుకులు అడుగుతారు, నా స్నేహితులు అడుగుతారు, ఏం చేశావని. ఎవరో ఒకరు పోవాలి. అతను ముసలివాడు. కాలు బాగాలేదు. నీకు డ్రైవింగ్ వచ్చు." బాబా గొంతులో కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. "ఖలాస్. పోయి మేకలకు నీళ్ళు పెట్టు."

తిరుమల్ పోయి మేకలకు నీళ్ళు పెట్టాడు. శిక్ష పడితే ఈ బరువు కొంత దిగుతుందనుకున్నాడు. అది కూడా అతనికి దొరకలేదు.

ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేశాడు. బాలవ్వ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఫోను ఎట్లా పట్టుకోవాలో ఇప్పటికీ చేతకాదు. తెరమీద సగం నుదురు, సగం ఆకాశం కనిపిస్తున్నాయి.

"అవ్వా, బాపు గాదట. జాడ చెప్పింది వేరేటోడట. వాళ్ళకే తర్వాత తెలిసిందట."

తెరమీద నుదురు కదలలేదు. "నాకు తెల్వదా?" అంది. "ఎవలు జెప్పిండ్రు నీకు?"

"దళంల పనిజేసినాయన."

"సచ్చిపోలేదా ఆ ఉదయ్‌గాడు? వాడేనా చెప్పింది?"

"వాడు ఎప్పుడో సచ్చిపోయిండటవ్వా. నేను బడికి పోతున్నప్పుడే."

"అయితె ఇన్నేండ్లు పొద్దుగాల లేసి నేను తిట్టింది ఎవన్నిరా?" అంది బాలవ్వ. వెంటనే గొంతు మార్చి, ఆశగా అడిగింది. "ఆ చెప్పినాయన బతికే ఉన్నడు గదా? ఏ ఊరాయనది? నేనే పోయి కాళ్ళు మొక్కి తీస్కొస్త. ఊరందర్ని పిలుస్త. ఒక్కసారి పంచాయతీ ఆఫీసు ముంగట నిలవడి గా మాట చెప్పుమంట. నేను సచ్చెలోపల ఒక్కసారి."

తిరుమల్‌కు అబద్ధం చెప్పే ఓపిక లేదు. మొత్తం చెప్పేశాడు. సర్వపిండి నుంచి డేగ దాకా, వేలు ఎత్తడం నుంచి ఎయిర్‌పోర్టు దాకా. ఊళ్ళో ఎవరిదో ట్రాక్టరు పోతున్న చప్పుడు వినిపించింది.

"ఆయన పండుకున్నది నువ్వు జూసినవా?" అని చివరికి అడిగింది.

"లేదవ్వా."

"చూసిన అని చెప్పినవా?"

"ఆఁ."

"ఆయనకు పిల్లలున్నరా?"

"ఒక బిడ్డ ఉన్నదట."

"ఏం జేస్తదట?"

"అడుగలె."

బాలవ్వ ఫోన్ కిందికి దించింది. తెరమీద వాకిలి, పీట కాలు, ఆమె చెప్పులు కనిపించాయి. ఏడుస్తోందేమో తిరుమల్‌కు కనిపించలేదు.

"ఇగ ఏ మొఖం వెట్టుకోని ఆయనింటికి పోతరా నేను?" అన్న మాట మాత్రం దూరం నుంచి వినిపించింది. "తిరుమలూ, కొన్నొద్దులు ఫోన్ జెయ్యకు. నేనే జేస్త."

పదకొండేళ్ళుగా ఒక్క సాయంత్రం తప్పని ఫోన్ అది. మర్నాడు అతను చెయ్యలేదు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని మేకల కొట్టం దగ్గర కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. తల్లికి ఫోన్ కలపడం రాదని, ఎప్పుడూ తనే చేసేవాడని మూడోనాటికి గుర్తొచ్చింది.